నా బదులు తిరిగిన మనిషి

నాలుగో అంతస్తులో ఉండే ఒకాయనకి ఉన్నట్టుండి ఒళ్ళు తగ్గించుకోవాలనిపించింది. అందువల్ల నా కాలు విరిగింది. ఇంట్లోనే కూర్చుని తొక్కుకునే సైకిలు తెప్పించుకున్నాడాయన. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఈ మెట్లే పొద్దునా సాయంత్రం ఎక్కి దిగితే పొట్ట దానంతటదే కరిగేది కదా అని లోపల సణుక్కుంటూ, పెట్టె భుజానికెత్తుకుని ఎక్కాను. మూడో అంతస్తు మలుపు దగ్గర అడుగు తప్పింది. పెట్టె గోడకి ఆనుకుని నిక్షేపంగా నిలబడింది. నేను మాత్రం కింది మలుపు దాకా దొర్లాను. చప్పుడు విని ఆయన పైనుంచి తొంగిచూశాడు.

"పెట్టెకి ఏం కాలేదుగా?" అన్నాడు.

ఏం కాలేదన్నాను. ఆయన దిగి వచ్చాక, ఆ మెట్ల మీద కూర్చునే సంతకం కూడా పెట్టించుకున్నాను. కాలు విరిగినా సంతకం లేకుండా పార్సిల్ వదలకూడదన్న బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు.

ఇళ్ళకి పార్సిళ్ళు చేర్చడం నా పని. ఏళ్ళ తరబడి ఒకటే రూటు. ఆ వీధుల్లో ఏ ఇంటి బెల్లు పలకదో, ఏ ఇంట్లో మధ్యాహ్నం బెల్లు కొడితే పసిబిడ్డ లేచి ఏడుస్తుందో, ఎవరు పేపరు మూడుసార్లు చదివి గాని సంతకం పెట్టరో అన్నీ నాకు నోటికి వచ్చు. మనుషుల పేర్లు డబ్బాల మీద ఉంటాయి గానీ నా తలకెక్కవు. నాకు వాళ్ళంతా పచ్చగేటు, కుక్కగారిల్లు, కోపం సారు, చెప్పుల వరస. పెళ్ళీ పెటాకులూ లేని మనిషిని, మా అమ్మ పోయాక ఇంట్లో ఒక్కణ్ణే. అందుకేనేమో ఈ తలుపులన్నీ నావాళ్ళవే అన్నట్టు తిరిగేవాణ్ణి. పైకి మాత్రం ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. హెల్మెట్ తియ్యను. ప్రతి గుమ్మం ముందూ తీసి పెట్టుకుంటూ ఉంటే పొద్దు అక్కడే గుంకుతుంది.

కాలికి కట్టు వేసి, నెలా నెలన్నర కదలొద్దన్నాడు డాక్టరు. కాలు నొప్పి కంటే రూటు పోతుందన్న బెంగే నాకు ఎక్కువైంది. మా గోడౌన్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఎక్కువ రోజులు రాకపోతే ఆ రూటు ఇంకొకరి పేరున రాసేస్తారు. ఒకసారి రాశారా, ఇక దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు. దానికి మేము కనిపెట్టుకున్న విరుగుడూ ఒకటుంది. రానివాడు తన కంపెనీ ఫోను, జాకెట్టు, హెల్మెట్ తీసి బదులు మనిషికి ఇచ్చేస్తాడు. వాడు ఇతని పేరు మీదే తిరుగుతాడు. పార్సిల్ బయల్దేరగానే ఇంటివాళ్ళ ఫోనుకి వెళ్ళే సందేశంలో పాత పేరే, పాత ఫోటోనే. మా సూపర్వైజరు సారుకి ఇదంతా తెలుసు. "పార్సిళ్ళు చేరితే చాలు, ఎవరి కాళ్ళ మీద చేరితే నాకేం," అంటాడు.

నా బదులు ఒప్పుకున్నవాణ్ణి అందరం ఈలగాడు అంటాం. మెట్లెక్కుతూ కూడా ఈల వేసే ఊపిరి వాడొక్కడికే ఉంది. ముప్ఫై దాటినవాడు, ఇద్దరు కవలపిల్లల తండ్రి. ఇంటికి వచ్చి నా జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది.

"నీ రూటు నా కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటా అన్నా. నువ్వు హాయిగా పడుకో," అన్నాడు.

హాయిగా పడుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కుట్టుమిషన్ల దుకాణం పైన నాదొక గది. పొద్దుటి నుంచి కింద మిషన్లు గరగరమంటుంటాయి, మధ్యాహ్నం భోజనాలకి ఆపుతారు, మళ్ళీ మొదలెడతారు. అవి ఆగినప్పుడే నాకు ఎక్కువ దిగులుగా ఉండేది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చెవులు రిక్కించేవాణ్ణి. అది దుకాణంలోకే వచ్చిన మనిషై ఉండేది. తలుపుకి ఇటువైపు కూర్చుని ఎవరి కోసమో చూడడం నాకు కొత్త. రొట్టె ముక్కలు పాలల్లో ముంచుకు తింటూ, ఇప్పుడు నేను పచ్చగేటు దగ్గర ఉండాల్సింది, ఇప్పుడు కోపం సారుతో తిట్లు తింటూ ఉండాల్సింది అనుకుంటూ పొద్దు పుచ్చేవాణ్ణి.

మా అక్క ఫోను చేసింది. దూరాన ఉంటుంది. కాలు విరిగిందని చెప్పాను.

"నీకు ఒక కాలేరా. నాకు మోకాళ్ళు రెండూ పట్టేశాయి. లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను," అంది.

ఆ తర్వాత కోడలి సంగతి వచ్చింది. కోడలి తల్లి సంగతి వచ్చింది. ఫోను పెట్టేసేటప్పుడు "ఒళ్ళు జాగ్రత్త" అంది. అక్క మంచిదే. కాకపోతే దానికి ఏదైనా చెప్పుకోవాలంటే, నొప్పి దాని నొప్పికంటే పెద్దదై ఉండాలి.

రెండో వారానికి నా మనసంతా ఒక్కదాని చుట్టూనే తిరగడం మొదలైంది. ఇన్నేళ్ళుగా రోజూ వచ్చే మనిషి రావడం మానేశాడే అని ఆ రూటులో ఒక్కరైనా అడిగారా, లేదా. నవ్వొచ్చే విషయమే. కానీ పడుకున్న మనిషికి దూలాలు లెక్కపెట్టుకోవడం కంటే వేరే పనేముంటుంది. అందరూ అడగకపోయినా ఊలమ్మ అడిగి తీరుతుందని నా నమ్మకం.

ఊలమ్మ అంటే మూడో వీధి చివర పాత భవనంలో, రెండో అంతస్తులో ఉండే పెద్దావిడ. డెబ్భై దాటి ఉంటాయి. ఊలు ఉండలు తెప్పించుకుంటుంది, అల్లుకుంటుంది, మళ్ళీ తెప్పించుకుంటుంది. ఆవిడ తలుపుకి లోపల గొలుసు. ఎంతటివాళ్ళు వచ్చినా తలుపు ఆ గొలుసు మేరకే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి చెయ్యి బయటికొస్తుంది, ఊలు పొట్లం నొక్కుకుని లోపలికి పోతుంది. పార్సిల్ ఇచ్చినట్టు రాసుకోవాలంటే ఆవిడ ఫోనుకి వచ్చిన నంబరు నాకు చెప్పాలి, అది చూడబోతే ఆవిడకి కళ్ళద్దాలు దొరకవు. అవి వెతుక్కుంటూ లోపలినుంచి ఆవిడ, ఇవతల నిలబడి నేను, మాట్లాడుకునేవాళ్ళం.

"బయట గాలి గట్టిగా వీస్తోందా బాబూ?" అనేది. "కింద వాటాలో కొత్తగా ఎవరో దిగినట్టున్నారు, చూశావా?" అనేది. "తిన్నావా?" అనేది.

నేను "ఊఁ" అనేవాణ్ణి. చెప్పడానికి లేక కాదు. తలుపు ముందు నిలబడితే నా నోరు పెగలదు, అంతే. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆవిడ అడిగినవాటన్నిటికీ తీరిగ్గా జవాబులు చెప్పుకునేవాణ్ణి. గాలి ఎక్కువగానే ఉందండీ, పొద్దున బండి మీంచి ఒక డబ్బా ఎగిరిపోయింది. కింద దిగినవాళ్ళకి పెద్ద సామానే ఉంది, బీరువా గుమ్మంలో ఇరుక్కుపోయి నలుగురూ తిట్టుకుంటున్నారు. తినలేదండీ ఇంకా. ఇలా చెప్పుకుంటూ బండి దగ్గరికి చేరేసరికి, ఇద్దరం బోలెడు కబుర్లు చెప్పుకున్నట్టే ఉండేది నాకు.

అందుకని రోజూ సాయంత్రం ఈలగాడికి ఫోను చేసేవాణ్ణి. రూటు గురించి జాగ్రత్తలు చెప్పడానికి అన్నది వంక.

"కుక్కగారింటి కుక్క కరుస్తుందా అన్నా?"

"కరవదు. నువ్వు పరిగెత్తావంటే కరుస్తుంది."

"మరి ముందే చెప్పొచ్చుగా."

"పరిగెత్తావా?"

"ప్యాంటు పోయింది," అన్నాడు నవ్వుతూ. వాడికి ప్రతిదీ నవ్వులాటే.

"సర్లే తమ్ముడూ. కొత్త మనిషిని చూసి ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏమంటారు?"

"అదే, పాతతను ఏమైపోయాడు అనీ, అలాంటిది."

"అబ్బే. డబ్బా వచ్చిందా లేదా అన్నదే వాళ్ళ గోల అన్నా."

మర్నాడు ఇంకో వంకతో చేశాను. ఆ మర్నాడు ఇంకోటి. చెప్పాల్సిన జాగ్రత్తలు అయిపోతే చెప్పినవే మళ్ళీ చెప్పాను. వారం తిరిగేసరికి ఈలగాడు ఫోను తీయగానే "కుక్క బాగుంది, బెల్లు బాగుంది, అందరూ బాగున్నారన్నా" అని ఏకబిగిన అప్పజెప్పడం మొదలెట్టాడు. ఇక సిగ్గు విడిచి సూటిగానే అడిగేశాను.

"ఊలావిడ ఏమైనా అడిగిందా?"

"గొలుసు పెద్దావిడేగా. అమ్మో, ఆవిడ ఓ పట్టాన వదలదన్నా. బోలెడు కబుర్లు."

"నా గురించి అడిగిందా అని."

వెనకాల కవలలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. "లేదన్నా," అన్నాడు. "అడిగిందని చెప్పనా పోనీ?"

ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను. ఆ తర్వాత చెయ్యలేదు. వాడూ చెయ్యలేదు. ఆ సాయంత్రం చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చిందని చెప్పుకోవడానికి నాకు నామోషీ లేదు, వచ్చింది. ఇన్నేళ్ళు ఎండనకా వాననకా ఆ గుమ్మాలు ఎక్కి దిగిన మనిషి మాయమైపోతే, ఆ పూట దీపం పెట్టడం మర్చిపోయినంత కూడా ఎవరికీ పట్టలేదు. నాలో నేనే వాళ్ళందరినీ పేరు పేరునా, అంటే గేటు గేటునా, తిట్టుకున్నాను. ఎక్కువ తిట్లు ఊలమ్మకే పడ్డాయి.

కట్టు విప్పారు. అడుగు వేస్తే మడమ దగ్గర కలుక్కుమంటోంది, అయినా గోడౌన్‌కి వెళ్ళాను. సూపర్వైజరు సారు నన్ను చూసి కుర్చీ లాగాడు. ఆయన మాకు కుర్చీ చూపించడం నేను ఎరగను.

"నీ చుక్కలు చూశావా?" అన్నాడు.

చుక్కలంటే, పార్సిల్ అందాక ఇంటివాళ్ళు ఫోనులో మాకు ఇచ్చే మార్కులు. నావి ఎప్పుడూ అత్తెసరే. సారు ఫోను నా వైపు తిప్పాడు. నా పేరు పైనే ఉంది.

"ఇంట్లో పడుకుని రేటింగు పెంచినవాణ్ణి నిన్నే చూశాను. ఇది విను. 'ఈ మధ్య ఈయన చక్కగా నవ్వుతూ మాట్లాడుతున్నారు.' ఇంకొకటి. 'ముందు బిగుసుకుపోయినట్టు ఉండేవారు, ఇప్పుడు మా పాపకి ఈల వేయడం నేర్పుతున్నారు.'"

"అది నేను కాదు సార్."

"పేరు నీదేగా. ఇలాగే ఉండు," అన్నాడు.

ఈలగాడు గోడౌన్‌లో అప్పజెప్పి వెళ్ళిన నా ఫోను, హెల్మెట్ తీసుకుని, జాకెట్టు తొడుక్కున్నాను. అప్పటికి గాని నా మట్టిబుర్రకి వెలగలేదు. ఆ ఇళ్ళ ఫోన్లలో నేను ఒక్కపూట కూడా మానలేదు. నా పేరు వెళ్తూనే ఉంది, నా జాకెట్టు మెట్లెక్కుతూనే ఉంది. రాని మనిషినైతే ఎందుకు రాలేదని అడుగుతారు. రోజూ వచ్చేవాణ్ణి ఏమని అడుగుతారు. రూటు పోకూడదని నా చేతులతో నేనే నన్ను తీసి ఇంకొకడికి తొడిగి, నన్ను ఎవరూ అడగలేదని మూతి ముడుచుకు కూర్చున్నాను. తప్పు వాళ్ళది కాదని తెలిస్తే మనసు తేలికపడాలి. పడలేదు. జాకెట్టు లోపల మనిషి మారితే మెరుగైందని చుక్కలిచ్చారు, అంతేగాని మారాడని కనిపెట్టలేదు.

ఒక్క ఊలమ్మ మీద మాత్రం ఇంకా ఆశ చావలేదు. ఆవిడ ఫోటోలు చూసే మనిషి కాదు, ఆ నంబరు తప్ప సందేశాలు చదివే మనిషి కాదు. ఆ మెట్ల మీద బల్బు ఎప్పుడూ వెలగదు, కళ్ళద్దాలు ఎప్పుడూ దొరకవు. చెవులతో బతికే మనిషి. నా గొంతు వినగానే పోల్చుకుంటుంది, ఎక్కడికి పోయావని నిలదీస్తుంది, అనుకున్నాను. రోజూ పొద్దున గోడౌన్‌లో డబ్బాల గుట్ట ముందు కూర్చుని, అన్నిటికంటే ముందు మెత్తటి పొట్లం ఏదైనా ఉందా అని తడిమేవాణ్ణి. కొన్నాళ్ళకి వచ్చింది. చేతికి తగలగానే కొత్తపెళ్ళికొడుకులా సంబరపడ్డాను. ఆ పొట్లాన్ని పైన పెట్టుకుని, రూటు వరస తప్పించి మరీ, ముందు అక్కడికే బయల్దేరాను.

మెట్ల దగ్గర కాలు మొరాయించింది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. తలుపు కొట్టాను.

"పార్సిల్," అన్నాను. అవసరానికంటే కాస్త గట్టిగానే.

తలుపు గొలుసు మేర తెరుచుకుంది.

"వచ్చావా బాబూ. ఇవాళ మెట్ల మీద ఈల వినపడలేదేం?"

"ఊఁ," అన్నాను.

"ఒంట్లో బాగాలేదా? పిల్లలకి జ్వరం తగ్గిందా?"

"ఊఁ."

లోపల ఏదో సొరుగు లాగిన చప్పుడైంది. కళ్ళద్దాలు వెతుక్కుంటోంది కాబోలు. అక్కడినుంచే మాట్లాడుతోంది. "ఈ మధ్య ఎంచక్కా నాలుగు మాటలు చెప్పేవాడివి. ఇన్నేళ్ళకి ఈ అబ్బాయికి నోరొచ్చిందిరా అని ఎంత సంతోషపడ్డానో. మళ్ళీ మొదటికొచ్చావేం?"

ఆవిడ నా గొంతు పోల్చుకోలేదు. ఎలా పోల్చుకుంటుంది? ఇన్నేళ్ళలో నేను ఆవిడ చెవిన వేసింది ఒక పార్సిల్, ఒక ఊఁ. నా కబుర్లన్నీ ఆ మెట్లు విన్నాయి. ఆవిడ వినలేదు.

ఆవిడ నంబరు చెప్పింది. నేను ఫోనులో కొట్టాను. పొట్లం లోపలికి పోయింది. వెంటనే చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది. అందులో రెండు చిన్న టోపీలు, ఒకటి నీలం, ఒకటి పసుపు.

"అల్లడం నిన్ననే అయింది. పిల్లలిద్దరూ కొట్టుకోకుండా రంగులు మార్చాను. తలలు ఇంకా పెద్దవైతే చెప్పు, విప్పి మళ్ళీ అల్లుతాను," అంది.

తీసుకున్నాను. మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. ఊఁ అనేసి దిగిపోతే సరిపోయేది. టోపీలు ఎలాగూ ఈలగాడికే చేరతాయి. ఆవిడ సంతోషం ఆవిడకి ఉంటుంది, నా చుక్కలు నాకు ఉంటాయి. మెట్ల వైపు తిరిగాను కూడా. కానీ ఆ కుళ్ళు, ఆ ఉక్రోషం, ఏదైతేనేం, నా గొంతులోంచి తన్నుకొచ్చింది.

"అమ్మా, అది నేను కాదండి. నాకు పిల్లల్లేరు."

లోపల అలికిడి ఆగిపోయింది. గొలుసు సందులో ఆవిడ మొహం సగం కనిపించింది. ఇంతకాలంలో ఆవిడ మొహం చూడడం నాకూ అదే మొదలు.

"మరి నువ్వెవరు?" అంది.

"కొరియర్‌నండి."

"అది తెలుస్తూనే ఉందిలే. నువ్వెవరని అడుగుతున్నా."

ఏం చెప్పాలి. పేరు చెబితే అది ఇద్దరిదీ. హెల్మెట్ తీశాను. తీసినా ఆ చీకట్లో ఆవిడకి ఏం కనిపిస్తుంది గనక. "ముందు నుంచీ వచ్చేవాణ్ణండి. ఈ మధ్య వచ్చినతను నా బదులు. ఊఁ అనేది నేను," అన్నాను.

"ఓ," అంది. "నేను ఆ ఊఁ మానేశావనుకున్నా."

"లేదండి."

"అయితే ఆ టోపీలు అతనికి అందించు బాబూ. మర్చిపోవుగా?"

"మర్చిపోనండి," అన్నాను. పార్సిళ్ళు అందించడం నాకేం కొత్త. వాటిని లోపలి జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాను. ఇక పనైపోయింది, తలుపు పడిపోతుంది అనుకున్నాను. పడలేదు.

"మరి ఇన్నాళ్ళూ నువ్వేమైపోయావు?" అంది ఊలమ్మ.

నెలన్నర పాటు మంచం మీద పడుకుని నేను ఎదురుచూసిన మాట అది. విన్నాక ఇలా ఉంటుందనుకోలేదు. మెట్లు దిగుతూ చెప్పుకోవడానికి జవాబు ఒకటి అప్పుడే తయారవుతోంది నాలో, నిండుగా, వరసగా. దాన్ని అక్కడే బలవంతంగా ఆపాను.

"కాలు విరిగి ఇంట్లో ఉండిపోయానండి."

"అయ్యో. ఏ కాలు?"

"ఎడమ కాలండి."

"ఎవరు చూసుకున్నారు నిన్ను?"

"ఎవరూ లేరండి."

కింద నా బండి మీద డబ్బాలన్నీ ఎదురుచూస్తున్నాయి, జేబులో ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. నేను కదల్లేదు.

"ఇంకా నొప్పిగా ఉందా?" అంది.

"ఉందండి," అన్నాను. "చాలా ఉంది."